చలికి బిగుసుకున్న మీట

ఆటోమేటిక్ కారు నడిపేవారికి గేరు మీట గుర్తొచ్చేది రెండే సందర్భాల్లో. ఒకటి, బండి కొత్తగా నేర్చుకునేటప్పుడు. రెండు, అది కదలనని మొండికేసినప్పుడు. నడుమ గడిచిపోయే ఏళ్ళన్నీ చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది, మనసు ఇంకెక్కడో తిరుగుతుంటుంది. చలిదేశాల్లో కాపురాలు చేస్తున్నవారికి ఆ రెండో సందర్భం ఏదో ఒక శీతకాలంలో తటస్థపడే అవకాశం మెండు. అదీ తెల్లవారుజామునే, అదీ తప్పనిసరిగా ఎక్కడికో వెళ్ళవలసిన రోజునే. అద్దాల మీద మంచు గీకడం అయింది, ఇంజను మూలిగి మూలిగి అందుకుంది, సీట్లో కూర్చుని బ్రేకు తొక్కి మీట లాగితే అది సిమెంటులో పాతిన గుంజలా నిలబడి ఉంది. అప్పుడు మనిషి మొట్టమొదట చేసే పని బలం ఉపయోగించడం. ఆ పని చెయ్యవద్దని చెప్పడానికే ఇంతా రాస్తున్నాను.

మీట అనడం కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. మా నాన్నగారు దాన్ని గేరు రాడ్డు అంటారు. గుంటూరు జిల్లా ఆర్టీసీ డిపోల్లో ముప్ఫై నాలుగేళ్ళు మెకానిక్కుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి కనుక ఆయన మాటకు అధికారం ఉంది. అయితే ఆయన ఎరిగిన గేరు రాడ్డుకూ ఆటోమేటిక్ బండిలో ఉన్నదానికీ పోలిక పైపైనే. ఆ రాడ్డు పట్టుకున్న డ్రైవరు అరచేతికి లోపలి పళ్ళచక్రాల గరగర తెలుస్తుంది. ఇక్కడ మనం తెలియజేసేది ఒక కోరికను మాత్రమే. తక్కిన పని అంతా కంటికి కనబడని చోట జరిగిపోతుంది. అందుకని మరో మాట ఉంటే మంచిదనిపించి మీట అంటున్నాను.

పైకి ఒకటే వస్తువులా కనబడే ఈ మీట వెనక రెండు వేర్వేరు వ్యవహారాలున్నాయి. ఒకటి అనుమతి, రెండవది కదలిక. ఈ రెండింటినీ విడదీసి చూడగలిగితే సగం వైద్యం అయిపోయినట్టే.

అనుమతి విద్యుత్తు పని. తాళంచెవి ఆన్ దాకా తిప్పి బ్రేకు మీద కాలు మోపగానే, పెడలు పైభాగాన ఉన్న ఒక చిన్న స్విచ్చి కలుస్తుంది. వెనక ఎర్రదీపాలు వెలిగేది దానివల్లే. అదే కబురు మీట మొదట్లో ఉన్న సొలినాయిడ్‌కు కూడా చేరుతుంది. సొలినాయిడ్ అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు, ఒక తీగచుట్ట. అందులో కరెంటు పారగానే అది అయస్కాంతమై, మీటకు అడ్డుగా ఉన్న ఒక చిన్న మేకును తప్పిస్తుంది. చెవి ఒగ్గి వింటే ‘టిక్’ అని సన్నని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు తరువాతే మీట ‘పీ’ గడి దాటుతుంది.

కదలిక ఇనుము పని. మీట అడుగున ఒక ఉక్కు తీగ తగిలించి ఉంటుంది. సైకిలు బ్రేకు తీగ ఎలాంటిదో ఇదీ అలాంటిదే, కాకపోతే లావుగా ఉంటుంది. లాగడమే కాకుండా నెట్టగలదు కూడా. దాని చుట్టూ గొట్టంలాంటి తొడుగు. ఆ తొడుగులో జారుతూ అది గేరుపెట్టె దాకా వెళ్ళి, పెట్టె బయట ఉన్న ఒక చిన్న చేతిని తిప్పుతుంది. ఆ చెయ్యి తిరిగినదాన్ని బట్టి లోపల నూనె పారే దారులు మారతాయి. ‘పీ’ దగ్గరికి తిరిగితే మాత్రం ఒక ఇనుప కొక్కెం పళ్ళచక్రంలో పడి బండిని కదలకుండా పట్టుకుంటుంది. పల్లం మీద ఆపిన కారు బరువు మొత్తం, చేతిబ్రేకు వెయ్యకపోతే, వేలెడంత ఆ కొక్కెం మీదే ఉంటుంది.

ఈ అనుమతి ఏర్పాటు మొదటినుంచీ ఉన్నది కాదు. జనరల్ మోటార్స్ వారు 1939లో హైడ్రామాటిక్ గేరుపెట్టెను 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్‌ కోసం బయటికి తెచ్చినప్పుడు దాని మీద ‘పీ’ అన్న అక్షరమే లేదు. బ్రేకు తొక్కితే తప్ప మీట రాకూడదన్న ఆలోచన బలపడింది 1980లలో. ఆడి 5000 కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయని అమెరికాలో పెద్ద గొడవ జరిగింది, 1986లో టెలివిజనుకెక్కింది. 1989లో వచ్చిన ప్రభుత్వ పరిశీలన నివేదిక మాత్రం చాలావరకు బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కడమే కారణమని తేల్చింది. కారణం ఎవరిదైనా, కాలు బ్రేకు మీద ఉందని రూఢి చేసుకునే ఈ మేకు మాత్రం అప్పటినుంచి కార్లలోకి ప్రవేశించింది. ఆ తరువాత కథ పసిపిల్లలది. ఆగి ఉన్న కార్లలోకి ఎక్కి మీట లాగి, బండి దొర్లిపోయి ప్రాణాలమీదికి తెచ్చుకున్న పిల్లలున్నారు. 2008 ఫిబ్రవరిలో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. వెనక్కి వస్తున్న బండి కిందపడి పోయిన ఒక రెండేళ్ళ పిల్లవాడి పేరే దానికి పెట్టారు. దాని ప్రకారం 2010 సెప్టెంబరు నుంచి అక్కడ తయారయ్యే ఆటోమేటిక్ కార్లన్నిటికీ ఈ మేకు తప్పనిసరి అయింది.

ఇదంతా ఎందుకు చెప్పుకొచ్చానంటే, చలిలో మీట బిగుసుకున్నప్పుడు తెలిసినవాళ్ళందరూ మొదట చెప్పే చిట్కా ఆ మేకును పీకేయమనే. మాకూ అదే సలహా వచ్చింది.

మేముండేది ఇల్లినాయ్ రాష్ట్రంలో, షికాగోకు పడమరగా, బాలాజీ గుడి ఉన్న అరోరా పట్నంలో. అమ్మా నాన్నగారూ 2018 అక్టోబరులో వచ్చారు. అమ్మకు వంటిల్లుంది, మనవరాలుంది. నాన్నగారికి నవంబరు దాటాక ఏమీ లేకుండా పోయింది. ఉదయాన నడకకు వెళ్ళే మనిషి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, మంచు తీసే బండ్లు ఉప్పు చల్లుకుంటూ పోవడం చూస్తూ కూర్చునేవారు. మా కారును ఆయన రెండోనాడే తిరస్కరించారు. “ఇందులో డ్రైవరు చేసే పనేముందిరా?” అని ఒక్క ప్రశ్న వేసి, మళ్ళీ దాని ఊసెత్తలేదు.

2019 జనవరి 30. మధ్య అమెరికా మీదికి ధ్రువప్రాంతపు చలిగాలి దిగివచ్చిన రోజు. షికాగో ఒహేర్ విమానాశ్రయం దగ్గర మైనస్ 23 డిగ్రీల ఫారన్‌హీటు నమోదైంది. మనకు అలవాటైన సెల్సియస్ లెక్కలో ఇంచుమించు మైనస్ 31. బడులు మూసేశారు. వానకూ మంచుకూ ఆగదని పేరున్న అమెరికా తపాలా శాఖ కూడా ఆరోజు మా ప్రాంతాల్లో ఉత్తరాలు పంచలేదు. ఆస్పత్రులకు మాత్రం సెలవుండదు కదా. మా ఆవిడ నర్సు. ఉదయం ఏడింటికల్లా వార్డులో ఉండాలి. అంతకుముందు రెండుసార్లు, జనవరిలోనే, మీట కొంచెం ముక్కుతూ వచ్చింది. ఆరోజు అసలే రాలేదు. మా కారు అప్పటికి పన్నెండేళ్ళ పాతది. ఉండేది పైకప్పు లేని ఆవరణలో.

ఇంజను నడుస్తోంది. నేను రెండు చేతులూ మీట మీద వేసేసరికి కిటికీ అద్దం మీద ఎవరో కొట్టారు. చూస్తే నాన్నగారు. మంకీ క్యాపు, దానిమీద నా పాత కోటు, దానిమీద అమ్మ శాలువా.

“చెయ్యి తియ్యరా. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో ముందు చూడనీ.”

ఆటోమేటిక్ బండి గురించి ఆయనకు ఏమీ తెలియదు. బ్రేకుకూ మీటకూ లంకె ఉందని నేను డిసెంబరులో ఒకసారి ఏదో మాటల్లో చెప్పాను, అంతే. కానీ లంకె ఉందంటే ఆ లంకెను ఎక్కడ పట్టుకుని చూడాలో ఆయనకు తెలుసు. కారు వెనక్కి వెళ్ళి, “తొక్కు” అన్నారు. తొక్కాను. “ఆఁ, వెలిగినయ్. ఇంకోసారి. ఆఁ.”

ఇక్కడ కాస్త ఆగి, చదువరులకు పనికొచ్చే మాట చెబుతాను. మీట రానప్పుడు మొదట చూడవలసినవి బ్రేకు దీపాలే. అవి వెలగకపోతే తప్పు పెడలు దగ్గరి స్విచ్చిదైనా కావాలి, ఫ్యూజుదైనా కావాలి. చాలా కార్లలో దీపాలకూ మీట తాళానికీ ఒకటే ఫ్యూజు. పది నిమిషాల్లో తేలిపోయే పని, చవక పని. పైగా అలాంటి కారును ఎలాగో కదిలించి రోడ్డెక్కితే మనం ఆగుతున్న సంగతి వెనకవాడికి తెలియదు కనుక, మీట రాకపోవడమే మేలు. దీపాలు వెలిగి, ‘టిక్’ చప్పుడు రాకపోతే అనుమానం సొలినాయిడ్ మీదికో, దానికి చాలినంత కరెంటు ఇవ్వలేని బ్యాటరీ మీదికో పోవాలి. సున్నా ఫారన్‌హీటు దగ్గర, అంటే మైనస్ 18 సెల్సియస్ దగ్గర, బ్యాటరీ సత్తువ సగానికి పైగా హరించుకుపోతుంది. ముసలి బ్యాటరీ అయితే ఇంజను తిప్పడానికే దాని ప్రాణం చాలదు. దీపాలూ వెలిగి, చప్పుడూ వచ్చి, మీట మాత్రం రాకపోతే అనుమతి దొరికినట్టే. అడ్డు మరెక్కడో ఉంది.

మా కారులో చప్పుడు వచ్చింది. నాలుగుసార్లు తొక్కితే నాలుగుసార్లూ వచ్చింది.

ఇంకొక పరీక్ష ఉంది. చాలా కార్లలో మీట పక్కన చిటికెన వేలి గోరంత మూత ఒకటి ఉంటుంది. దాన్ని లేపి తాళంచెవితోనో, స్క్రూడ్రైవరుతోనో లోపలికి నొక్కితే విద్యుత్తుతో నిమిత్తం లేకుండానే మేకు తప్పుకుంటుంది. సొలినాయిడ్ చచ్చిపోయినా బండిని వర్క్‌షాపు దాకా తీసుకుపోవడానికి కంపెనీ పెట్టిన దొడ్డిదారి అది. చేతిబ్రేకు వేసి, కాలు బ్రేకు మీదే ఉంచి, అదీ నొక్కి చూశాను. మీట ఉలకలేదు. ఇక మిగిలినవి రెండే, కొక్కెమూ తీగా. మా ఆవరణ కొద్దిగా వాలుగా ఉంటుంది. కారు బరువుకు కొక్కెం పళ్ళచక్రంలో నొక్కుకుపోయి ఉండవచ్చునని, నేను బ్రేకు వదిలి పట్టుకుంటూ ఉంటే నాన్నగారు వెనకనుంచి రెండుసార్లు ఊపారు. కొక్కెం పట్టేసి ఉంటే ఆ ఊపుకు సందు దొరికి మీట ‘ఠంగు’మని ఊడివస్తుంది. రాలేదు.

“అయితే తీగే,” అన్నారాయన. ఈలోగా ఆస్పత్రినుంచే సహోద్యోగి ఒకావిడ వచ్చి మా ఆవిడను ఎక్కించుకుని వెళ్ళింది. ఇంజనును అలాగే ఆరుబయట నడవనిచ్చాము, ఒకరం లోపల కూర్చుని. అరగంట దాటాక, ఇంజను వేడి గేరుపెట్టె దాకా పాకాక, మీట ఏమీ ఎరగనట్టు వెన్నపూసలో చాకులా వచ్చేసింది.

ఇలా వచ్చేసే జబ్బులే ప్రమాదకరమైనవి. వారం తిరక్కముందే చలి విరిగి మంచు కరిగింది, మీట కొత్త కారు మీటలా ఆడసాగింది. గుళ్ళో కలిసే మిత్రుడొకాయన, కార్ల పని బాగా తెలిసినవాడే, “ఎందుకంత ఆలోచన? ఆ లాక్ పిన్ను తీసి పారెయ్యండి. నేను నా పాత కారుకు అదే చేశాను,” అన్నాడు. ఆయన కారులో అడ్డు మేకుదే కావచ్చు. మీట చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో తీపి కాఫీ ఒలికి ఎండిపోతే చలికి ఆ జిగురు గట్టిపడి మేకును పట్టేస్తుందని విన్నాను. ఆయనకు కాఫీ అలవాటు ఎక్కువ. మా కారులో మేకు తన పని తాను చేస్తోంది. చేస్తున్నదాన్ని తీసి, చెయ్యనిదాన్ని ఉంచడం ఏం న్యాయం?

న్యాయం సంగతి అటుంచండి. మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్ళు. శీతకాలపు ఉదయాల్లో ఈ దేశపు తల్లిదండ్రులందరం చేసే పని ఒకటుంది: ఇంజను నడిపి, వెచ్చగా ఉంటుందని పిల్లను లోపల కూర్చోబెట్టి, మనం బయట అద్దాలు గీకుతాము. ఆ అయిదారు నిమిషాల్లో మా అమ్మాయి ముందు సీట్లోకి పాకి స్టీరింగు తిప్పుతూ ఆడుకోవడం నేను కళ్ళారా చూశాను. ఆ వేళ ఆ పిల్లకూ ‘ఆర్’ గడికీ మధ్య ఉన్నది ఆ మేకు ఒక్కటే. బ్రేకు పెడలు దాకా దాని కాలు అందదు కనుక మేకు తప్పుకోదు. ఆ మిత్రుడితో ఇదే చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, “మా గ్యారేజీలో చూద్దాం, ఆదివారం తీసుకురండి,” అన్నాడు.

తీగ విషయంలో నన్ను నిజంగా భయపెట్టింది వేరే సంగతి. మేకు పహరా కాసేది మీటను. బండిని ఆపి ఉంచేది గేరుపెట్టెలోని కొక్కెం. ఈ రెండింటికీ నడుమ ఉన్న ఏకైక బంధువు ఆ తీగ. తీగ కొస గేరుపెట్టె చేతికి తగులుకునే చోట చాలా కార్లలో ప్లాస్టిక్ బుష్ ఒకటి ఉంటుంది. ప్లాస్టిక్ చలికి పెళుసెక్కుతుంది. గడ్డకట్టిన తీగ మీద రెండు చేతుల బలమూ పెట్టి లాగితే అది పగిలి ఊడిపోవచ్చు. అప్పుడు మీట ఎంత తేలిగ్గా ఆడుతుందో చెప్పలేను! ఎదురుగా ‘పీ’ వెలుగుతుంది, తాళంచెవి కూడా వచ్చేస్తుంది, మనం దిగిపోతాము. గేరుపెట్టె మాత్రం ఇంకా ‘డీ’లోనో, ‘ఎన్’లోనో ఉంటుంది. ఇది ఊహాగానం కాదు. ఇలాంటి బుష్ చెడి బండ్లు దొర్లిపోయే ప్రమాదముందని 2022 జూన్‌లో ఫోర్డ్ కంపెనీ అమెరికాలో సుమారు 29 లక్షల బండ్లను మరమ్మతుకు వెనక్కి పిలిచింది. ఏ కంపెనీ బండికైనా సూత్రం ఒకటే. మీట బిగుసుకుందంటే తీగ తన బాధ మనకు చెప్పుకుంటోందని అర్థం. బలవంతం చేస్తే దాని నోరు మూతపడుతుంది. ఆ తరువాత అది ఏదీ చెప్పదు.

ఆదివారం మిత్రుడి గ్యారేజీలో నాన్నగారు మొట్టమొదట వెతికినది రాయి. బస్సు కిందికి దూరే ముందు చక్రానికి రాయి అడ్డం పెట్టడం ఆయనకు సంధ్యావందనం లాంటిది. ఫిబ్రవరిలో అరోరాలో మంచు కింద రాళ్ళెక్కడ దొరుకుతాయి? చివరికి చలిమంట గూటికోసం తెచ్చుకున్న ఓకు కట్టెలు రెండు తీసి వెనక చక్రాలకు ముందూ వెనకా పెట్టించారు. “చేతిబ్రేకు వేశాం కదా అంకుల్,” అన్నాడు మిత్రుడు. “ఏశావులే నాయనా. తీగ ఊడదీశాక నీ పీ పనిచెయ్యదుగా,” అన్నారు. ఆయన అన్నది అక్షరాలా నిజం. ఈ పని సొంతంగా చేసేవారు తప్పనిసరిగా పాటించవలసిన జాగ్రత్త కూడా అదే.

ర్యాంపుల మీద బండి ఎక్కించి ఉంది. కిందికి దూరినది నేను. ఆయన అట్టముక్క మీద గొంతుకూర్చుని టార్చి పట్టుకున్నారు. తీగ గేరుపెట్టెను చేరేచోట ధూళీ నీరూ లోపలికి పోకుండా ముడతలు ముడతలుగా రబ్బరు తొడుగు ఒకటి ఉంటుంది. మా కారులో అది పక్కన రెండంగుళాల మేర చీలిపోయి ఉంది. తీగ కొసను చేతినుంచి తప్పించి, ఆ చేతిని విడిగా తిప్పి చూడమన్నారు. గడి గడికీ ‘టక్, టక్’ అంటూ హాయిగా తిరిగింది. గేరుపెట్టె నిర్దోషి. తరువాత మిత్రుడు పైన మీట కదుపుతుంటే తీగ ముందుకూ వెనక్కూ ఆడింది. ఆడిన ప్రతిసారీ చీలిక దగ్గర తుప్పురంగు నీటిబొట్టొకటి నా మొహం మీద పడింది. నాలిక మీద పడిన చుక్క ఉప్పగా ఉంది.

నీరు దొరికింది, ఉప్పు దొరికింది. కానీ నాకొక చిక్కుముడి మిగిలిపోయింది. నీరు గడ్డకట్టేది సున్నా సెల్సియస్‌కు. డిసెంబరంతా సున్నాకు కింద ఎన్ని రాత్రులు గడిచాయో! అప్పుడెప్పుడూ బిగుసుకోని మీట, చలి బాగా ముదిరిన రోజుల్లోనే ఎందుకు బిగుసుకుంది? మిత్రుడు గేరు నూనె చిక్కబడి ఉంటుందన్నాడు. ఇది చాలామంది అనే మాట. నూనె చిక్కబడడం నిజమే. దానివల్ల ‘డీ’లో వేశాక బండి అందుకోవడం ఆలస్యమవుతుంది, గేర్లు మారేటప్పుడు కుదుపు వస్తుంది. మీట చేతికి రాకపోవడానికి దాని పాత్ర స్వల్పం.

ముడి విప్పింది నాన్నగారే. “కుల్ఫీ బండివాడు ఐసులో ఉప్పెందుకేస్తాడు?” అన్నారు. తిరునాళ్ళలో కుల్ఫీ అమ్మేవాడి కుండలో ఐసు ముక్కల మీద కళ్ళుప్పు చల్లుతాడు. ఉప్పు కలిసిన నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు, ఇంకా చల్లనైతే గాని కట్టదు. అందుకే ఆ కుండలో చల్లదనం ఉత్త ఐసుకన్నా కిందికి దిగి, పాలు గట్టిపడతాయి. రోడ్ల మీద ఉప్పు చల్లేదీ ఆ గుణం కోసమే. ఆ ఉప్పునీటికైనా హద్దుంది: ఎంత ఉప్పు కలిపినా మైనస్ 21 సెల్సియస్ దాటితే నీరుగా నిలవదు. మా తీగలో దూరినది రోడ్డు మీది ఉప్పునీరే కనుక మామూలు చలికి తట్టుకుని, చలి ముదిరేకొద్దీ చిక్కబడి, మైనస్ 31 నాడు రాయిలా బిగిసింది. కిటికీ దగ్గర కూర్చుని మూడు నెలలపాటు ఉప్పు బండ్లను చూసిన మనిషికి ఆ సంగతి తట్టడంలో వింత లేదనుకుంటాను. నాకు మాత్రం తట్టలేదు, చిన్నప్పుడు కోటప్పకొండ తిరునాళ్ళలో కుల్ఫీ ఎన్నిసార్లు తిన్నా.

కొత్త తీగ ఖరీదు 90 డాలర్లయింది. మధ్యనున్న ప్లాస్టిక్ పెట్టె అంతా విప్పి, పాతది లాగి, కొత్తది దూర్చడం ఒక పూట పని, వివరించి విసిగించను. నీరు పోవడానికి డబ్ల్యూడీ-40 కొట్టేస్తే సరిపోదా అని అడిగేవారికి ఒక్క మాట. ఆ పేరులోని మొదటి రెండక్షరాలకు అర్థమే నీటిని తరిమేది అని. 1953లో నలభయ్యో ప్రయత్నంలో కుదిరిన మిశ్రమమట. నీటిని తరుముతుంది, సందేహం లేదు. చీలిన తొడుగును అతకదు. మరుసటి మంచుకు నీరు మళ్ళీ వస్తుంది, ఈసారి గ్రీజు కూడా లేని తీగలోకి. మరిగే నీళ్ళు పోసేవారూ ఉన్నారు. అవి గంటలో గడ్డకడతాయి.

తీగ మార్చాక వదిలిపెట్టకూడని పని సర్దుబాటు. మీట దగ్గరి ‘పీ’, గేరుపెట్టె దగ్గరి ‘పీ’ ఒకటే కావాలి. మేము చూసుకున్న గుర్తులు ఇవి: ఇంజను ‘పీ’లోనూ ‘ఎన్’లోనూ మాత్రమే మొదలవ్వాలి, మరే గడిలోనూ కాకూడదు, ‘ఆర్’లో వేస్తేనే వెనక తెల్లదీపం వెలగాలి, కొద్దిపాటి వాలు మీద ‘పీ’లో పెట్టి, కాలు బ్రేకు మీదే సిద్ధంగా ఉంచుకుని మెల్లగా వదిలితే, ఒక అంగుళం జరిగి కొక్కెం పట్టిన చప్పుడుతో బండి ఆగిపోవాలి. నాన్నగారు ఈ చివరి పరీక్షను కట్టెలు అడ్డంపెట్టి రెండుసార్లు, తీసి ఒకసారి చేయించారు.

పాత తీగను పారేస్తానంటే ఒప్పుకోలేదు. ఇంటికి తెచ్చి, వెడల్పుగా చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజరులో పెట్టమన్నారు. అమ్మ లబోదిబోమంది. కరివేపాకు పొట్లాలకూ మునక్కాయ ముక్కలకూ మధ్య మురికి ఇనుప తీగ! అయినా ఒక రాత్రి ఉంచాము. ఇంట్లో ఫ్రీజరు మైనస్ 18 సెల్సియస్. కనుక ఉప్పునీరు పూర్తిగా గడ్డకట్టదు. ఉదయాన ఆయన ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకుని లాగారు. కదిలింది, కానీ ఇసుకలో ఈడ్చినట్టు ముక్కుతూ కదిలింది. జనవరి మొదట్లో కారులో నా చేతికి తగిలిన ముక్కుడు సరిగ్గా అదే. తరువాత దాన్ని రేడియేటరు మీద పెట్టి, పొయ్యి మీద టీ కాగేలోపు మళ్ళీ లాగి చూశారు. జర్రున జారింది. ఆయన ఏమీ అనలేదు, టీ తాగారు. ఆ సాయంత్రం మాత్రం తెనాలిలో ఉన్న తన పాత సహోద్యోగికి ఫోను చేసి, ముప్పావుగంటసేపు ఈ తీగ కథ చెప్పారు. “గేర్లు లేని బండి కాదోయ్, ఉన్నయ్, కనపడవంతే,” అనడం పక్క గదిలోంచి నాకు వినబడింది.

ఆనాటినుంచి బండి ఆపే వరస మార్చుకున్నాను. పూర్తిగా ఆగాక ‘ఎన్’లో వేసి, చేతిబ్రేకు లాగి, బ్రేకు మీది కాలు కొద్దిగా వదిలి బండి బరువును చేతిబ్రేకు మీద కూర్చోనిచ్చి, మళ్ళీ కాలు మోపి, అప్పుడు ‘పీ’. ఇలా చేస్తే కొక్కెం మీద భారం పడదు, ఏ వాలు మీదైనా ఉదయాన మీట సుతారంగా వస్తుంది. ఒక్క మినహాయింపు: చలి మరీ తీవ్రంగా ఉన్న రాత్రులు, నేల చదునుగా ఉన్నచోట, చేతిబ్రేకు వెయ్యను. దాని తీగ కూడా అదే జాతిది, అదే ఉప్పునీరు తాగుతుంది. బిగుసుకుంటే వెనక చక్రాలే తిరగవు. అలాంటి రాత్రి చక్రానికి కట్టె అడ్డం పెడతాను. చుట్టుపక్కలవారు మొదట్లో వింతగా చూసేవారు.

ఆ కారు అమ్మేశాము. ఇప్పుడున్న దానికి మీట లేదు, గుండ్రంగా తిప్పే బిళ్ళ ఒకటుంది. దానికీ గేరుపెట్టెకూ మధ్య ఇనుప తీగ లేదు. కరెంటు తీగల గుండా కబురు పోతే అక్కడ ఒక చిన్న మోటారు పని చేస్తుంది. మొన్న వీడియోలో నాన్నగారికి చూపించాను. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

“మరి చలికి ఇందులో ఏం బిగుసుకుంటుందిరా?”

“బ్యాటరీ చచ్చిపోతే పీలోంచి రాదు, నాన్నగారూ. అప్పుడు చేత్తో విడిపించడానికి లోపల ఒక మూత కింద నాడా ఉంది.”

“ఎక్కడుందో చూశావా?”

చూశాను. డ్రైవరు కాలి దగ్గర, ఎడమపక్క. దాన్ని లాగే ముందు చక్రాలకు అడ్డం పెట్టమని ఆ మూత మీదే రాసి ఉంది. బ్యాటరీకి అయిదేళ్ళు నిండాయి. ఈ నవంబరులోగా మార్చాలి.